నూట పదమూడు తర్వాత నూట పద్దెనిమిది

తిరుచానూరు,
6-12-2009.

శ్రీవారికి ధరణి నమస్కారాలతో రాసేది.

ఇంట్లో అందరం బాగున్నాము. మీరు, మీ రూములో వాళ్లు ఆ ఊరి చలికి తట్టుకొని బాగున్నారనుకుంటున్నాను. మామ మణికట్టుకు పుత్తూరులో వేసిన కట్టు మొన్న విప్పేసినారు. ఇప్పుడు చెంబు ఆయనే ఎత్తుకుంటున్నారు. అత్తకు దగ్గు తగ్గింది, అరుపులు మాత్రం తగ్గలేదు.

మీ జాబు పోయిన వారం అందింది. ప్రేమానందం అన్న సెలవు అయిపోయి గురువారం కువైట్‌కు బయల్దేరతాడంట. ఆయన చేతికి ఇద్దామని ఇది రాస్తున్నాను. ఫోనులో ఊ, ఆ అని ఎందుకు పెట్టేస్తావని అడిగినారు. మీరు శుక్రవారం ఫోను చేసేసరికి అత్త, మామ, పక్కింటి వాళ్లు చుట్టూ కూర్చొని ఉంటారు. మీ తమ్ముడు చక్రధర్ స్పీకరు పెడతాడు. అంతమంది ముందర మొగుడితో ఏం మాట్లాడేది? పెళ్లయి రెండేళ్లయినా నాకు ఆ సిగ్గు పోలేదు. ఈ జాబులో కొంచెం కోపం ఉంటుంది. ఓర్చుకొని చదవండి.

మీరు పంపించిన పుస్తకాల మిషను ఎట్లా ఉంది అని అడిగినారు. బాగుంది. ఒకసారి చార్జింగు పెడితే పది రోజులు వస్తుంది. అత్తకు దాంట్లో అమ్మవారి స్తోత్రాలు తీసి చూపించినాను. "ఏ పుస్తకమైనా ఇంటికొస్తే మూలకు పసుపు పెట్టాల. దీనికి యాడ పెట్టేదే?" అనింది. పెట్టేస్తుందేమో అని భయపడి నేను బీరువాలో దాచుకున్నాను.

నాకు అది ఎంత సుఖమో చెప్పలేను. పూలు కట్టేదానికి రెండు చేతులూ కావాల. కాయితం పుస్తకమైతే ఒళ్లో నిలవదు, తడి చేత్తో తిప్పితే చిరుగుతుంది. మిషనును పూలబుట్టకు ఆనించుకొని, పక్కనున్న మీటను మోచేత్తో నొక్కితే చాలు, పేజీ తిరుగుతుంది. ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించిన తర్వాత చదివినవన్నీ కలిపినా ఈ ఆరు నెలల్లో చదివినన్ని లేవు. బ్రహ్మోత్సవాలప్పుడు దినానికి అరవై మూరలు కట్టినాను, ఒక్క పూటా విసుగనిపించలేదు. మీరు దాంట్లో ఎక్కించిన నాలుగు వందల పుస్తకాలు ఎవరినీ అడక్కుండా తీసుకున్నవని చక్రధర్ చెప్పినాడు. దొంగ మామిడిపండని తెలిసినా తీపి తగ్గలేదు, ఏం చేసేది. చదివినాను. నవ్వినాను, ఏడ్చినాను. ఆ రాసినవాళ్లెవరో నాకు తెలీదు కాబట్టి నా మనసుకు ఏమీ కాలేదు.

తెలిసిన మనిషి దగ్గరికొచ్చేసరికి అయింది.

మన వెనక వీధి జ్ఞానాంబ టీచరమ్మ పుస్తకం మీ రూములో అందరికీ శుక్రవారాలు చదివి వినిపిస్తున్నానని ఎంతో సంబరంగా రాసినారు. మన పక్క మాటలు, మన పాకాల రైలు, మన ఊరి పూల వాసన అన్నీ దాంట్లో ఉన్నాయని ఏకాంబరం అన్న కళ్లు తుడుచుకున్నాడని రాసినారు. అది చదివి నాకూ సంతోషమే అయ్యింది. ఆ కింద ఏం రాసినారో గుర్తుందా? "ఆ వకుళ ఏం ఆడది? మొగుడికి ఒక్క మాట చెప్పకుండా తెల్లారేసరికి రైలెక్కి పాయె. ఏకాంబరం తిట్టని తిట్టు లేదు. టీచరమ్మకు కథ ముగించేది చేతకాలేదు" అని రాసినారు.

దాన్ని నేను మూడుసార్లు చదివినాను. మూడుసార్లూ ఒళ్లు మండింది.

చక్రధర్ స్కాను చేసి మీకు పంపిన పుస్తకంలో నూట పదమూడో పేజీ తర్వాత ఎన్నో పేజీ ఉందో చూడండి. నూట పద్దెనిమిది. నూట పదమూడు చివర వాక్యం పూర్తి అవుతుంది, నూట పద్దెనిమిదిలో కొత్త అధ్యాయం మొదలవుతుంది, అందుకే ఎవరూ కనుక్కోలేదు. నడుమ నాలుగు పేజీలు స్కాను కాలేదు. వకుళ చెప్పకుండా పోలేదు. మీకు చెప్పకుండా పోయింది, అంతే.

ఈ సంగతి చక్రధర్‌ను అడిగినాను. తిరుపతిలో వాడి నెట్ సెంటరుకు వచ్చే ప్రతివాడికీ ఆ పుస్తకం సీడీలో వేసి ఇస్తున్నాడు.

"ఊరికే ఇస్తా ఉండా వదినా, అమ్ముకోలేదే! టీచరమ్మ పుస్తకం మంచం కింద చెదలు పట్టతా ఉండె. ఇప్పుడు కువైట్ దాకా పాయె. నాకు సన్మానం చేయాల ఆమె!" అన్నాడు.

"నాలుగు పేజీలు లేవు గదా చక్రధర్" అన్నాను.

"అంతేనా? తీసుకరా, ఆ నాలుగూ కొట్టి కలిపేస్తా. అయిపాయె!"

అయిపాయె అంట. అన్నా తమ్ముళ్లకు ఇద్దరికీ అన్నీ ఎంత తొందరగా అయిపోతాయో! పుస్తకాన్ని వాడికి దొరకనీకుండా బియ్యం డబ్బాలో పెట్టినాను. అత్త వంటింట్లో నుంచి, "మల్లెలు వాడిపోతా ఉంటే పుస్తకాల గోల ఏందే మీకు?" అని అరిచింది. నేను నోరు మూసుకొని మళ్లీ పూల దగ్గర కూర్చున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది.

ఎందుకంటే, ఇన్నాళ్లూ మీకు చెప్పనిది ఒకటి ఉంది. చక్రధర్ ఆ పుస్తకాన్ని ఎక్కడి నుంచో సంపాదించినాడని మీరు అనుకుంటున్నారు. వాడికిచ్చింది నేను. టీచరమ్మ "చిరంజీవి ధరణికి ఆశీస్సులతో" అని రాసి, సంతకం పెట్టి నాకిచ్చిన పుస్తకం అది. ఒకసారి కాయితం మీద చదివినాను. పూలు కడుతూ మళ్లీ చదువుకుందామని, మిషనులో ఎక్కించమని నేనే అడిగినాను. వాడు వద్దన్నా వినేదాన్ని కాదేమో.

ఆ పేజీలు పోవడమూ నా పనే. వకుళ మాట్లాడే చోటికొచ్చినప్పుడు అత్త పిలిచింది. చదువుతున్న చోటు గుర్తుకు ఏమీ దొరక్క, చేతిలో ఉన్న తడి అరటినార ఒకటి పేజీల నడుమ పెట్టి లేచినాను. అరటి జిగురు సంగతి పుట్టినప్పటి నుంచీ పూలు కట్టేదానికి తెలీదా? తర్వాత నార తీసి మిగతా కథ చదువుకున్నాను. పుస్తకం మూసి పెట్టినాక ఆ తడికి మూడు ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. స్కాను చేసేటప్పుడు చక్రధర్ మూడింటినీ కలిపి ఒకటే ఆకని తిప్పేసినాడు. మిషనులో చదివిన మొదటి రోజే ఆ పేజీలు లేవని నాకు తెలుసు. తెలిసీ, "నేనైతే ఎప్పుడో చదివేసినా గదా" అనుకొని ఊరుకున్నాను. వాడు సీడీలు పంచుతున్నాడని తెలిసీ ఊరుకున్నాను. మీకు పంపినాడని తెలిసినప్పుడు కూడా.

నిన్న శనివారం టీచరమ్మ ఇంటికి పోయినాను. ఆమె రెండో పుస్తకం రాస్తున్నది మీకు తెలుసు గదా. రాసిన కాయితాలు మొదట నా చేతికే ఇచ్చేది. "నువ్వు నవ్వినచోట ఉంచుతా, ఆవలించినచోట కొట్టేస్తా" అనేది. ఏడు చదివిన నాకు అంతకన్నా గౌరవం ఎవరిచ్చినారు? నిన్న నేను గడప దగ్గర కనిపించగానే ఆమె రాస్తున్న కాయితాలను బోర్లించి, వాటిమీద కళ్లద్దాల పెట్టె పెట్టింది. నాకు అప్పుడే అర్థమైంది.

"టీచరమ్మా, ఆ పుస్తకం నేనే ఇచ్చినా" అన్నాను. నిలబడే అన్నాను.

"తెలుసు. చిత్తూరు నుంచి నా దగ్గర చదువుకున్న పిల్ల వచ్చి కంప్యూటరులో చూపించింది. మొదటి పేజీలో నీ పేరుండాది, నా దస్కతు ఉండాది. మీ అత్త పెట్టిన పసుపు కూడా వచ్చింది."

"మీకు నష్టం..."

"నష్టం సంగతి ఎత్తొద్దు. అచ్చేసినవాటిలో సగానికి పైగా మంచం కిందే ఉండాయి, నువ్వే ఊడ్చినావు గదా. ఆ పిల్ల నన్ను ఏమడిగిందో తెలుసా? 'టీచర్, మీ వకుళ ఎందుకట్ల దొంగమాదిరి పారిపోయింది?' అని. వకుళ ఎవరు? మా అక్క. అది ఎదురుగా నిలబడి చెప్పే పోయింది ధరణీ. ఆ నాలుగు పేజీలు రాసేదానికి నాకు పదకొండేళ్లు పట్టింది. మిగతాదంతా ఒక్క వేసవి సెలవుల్లో రాసేసినా."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ మళ్లీ అనింది.

"అచ్చులో తప్పుంటే ఇంకోసారి అచ్చేసేటప్పుడు దిద్దుకుంటా. దీన్ని యాడ దిద్దేది? ఎవరెవరింట్లో ఉండాదో ఎవరికి తెలుసు? యాడ చదివినా మా అక్క పారిపోతానే ఉంటుంది."

మీరు రాసినారే, "ఆమె పుస్తకం ఆమె దగ్గరే ఉంది గదా, మనం ఏమెత్తుకున్నాం?" అని. ఆ మాట ఆమె ముందర నిలబడి అనండి చూద్దాం. నాకైతే అది గుర్తొచ్చి తల ఎత్తలేకపోయినాను.

ఆ నాలుగు పేజీలు నా చేత్తో రాసి కువైట్‌కు పంపుతానని ఆమెను అడిగినాను. ఆమె బోర్లించిన కాయితాల అంచులు సరిచేసింది. తర్వాత, "నువ్వు అడిగినావు, మంచిది. చదివి వినిపించినాయన అడగలేదే? ఆయన్నే నాకొక జాబు రాయమను. అప్పుడు చూస్తా" అనింది.

లేచి వచ్చేటప్పుడు, "మళ్లీ రావచ్చా టీచరమ్మా?" అన్నాను.

"పూలు ఇచ్చేదానికి రా" అనింది.

దారంతా ఏడుస్తూ వచ్చినాను. ఎవరైనా చూస్తారని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. ఇట్లా మీకు చెప్పడం నాకు ఇదే మొదలు. పంపిస్తానని మీరు రాసిన ఇంకో ఐదు వందల పుస్తకాలు పంపొద్దు. లైబ్రరీ పుస్తకాలు స్కాను చేయమని చక్రధర్‌కు చెప్పొద్దు. సీడీలు ఇచ్చేది ఆపమని వాడికి మీరే చెప్పాల, నా మాట వాడు వినడు. ఉన్న నాలుగు వందల సంగతి నేనేం చేయాల్నో నాకింకా తెలీదు. చదవకుండా ఉండగలనని అబద్ధం రాయలేను. వచ్చే శుక్రవారం అందరూ కూర్చున్నప్పుడు ముందుగా ఏకాంబరం అన్నకు చెప్పండి, ఆయన తిట్టింది ఆ పుస్తకంలో లేని మనిషినని. తర్వాత టీచరమ్మకు జాబు రాయండి. ఎట్లా వచ్చింది, ఎంతమందికి చదివినారు, అంతా మీ పేరు పెట్టి రాయండి.

వకుళ ఎవరి ఎదుట నిలబడింది, ఏం చెప్పింది, నాకు అక్షరం పొల్లు పోకుండా వస్తుంది. ఇక్కడ రెండు వైపులా రాస్తే పట్టేంత కాయితం మిగిలి కూడా ఉంది. రాయను. ఫోనులో బతిమాలినా చెప్పను. మీకు కోపం వస్తే రానీండి. ఆమె సరే అనేంతవరకు మీ రూములో వకుళ చెప్పకుండా పోయినదే. ఆ పాపంలో సగం నాది, సగం మీది.

చలికి తలకు గుడ్డ కట్టుకోండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
ధరణి