రాములమ్మ నెత్తురు పరీక్ష

నవంబరు 4
చేతిరాత వంకరగా ఉంది. వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. ఊరి బడిలో చదివింది ఐదో తరగతి... తప్పులుంటే మన్నించు, కాగితమా.
పంచాయతీ ఆఫీసు దగ్గర నెత్తురు పరీక్షల క్యాంపు. కడుపు, పేగుల క్యాన్సరును ముందే పట్టే పరీక్ష అట. ఆశ కార్యకర్త యాదమ్మ మా ఇద్దరినీ పిలిచింది. నేను పోలేదు— సూదంటే భయం. నా భార్య రాములమ్మ పోయింది. అక్కడ యాదమ్మ అడిగిందట—
“నొప్పులేమన్న ఉన్నయా పెద్దమ్మా?”
“ఏం లెవ్వు బిడ్డా. గీ నీళ్ళ నొప్పులే.”
మా మర్రిగూడలో ఎవరైనా అంతే చెబుతారు. మోకాలు, నడుము, కడుపు— అన్నీ మా ఊరి ఫ్లోరైడు నీళ్ళ మీదికే నెడతారు.

నవంబరు 19
యాదమ్మ వచ్చింది. రాములమ్మ నెత్తురులో ఏదో గుర్తు కనిపించిందట. నల్లగొండ దవాఖానకు పోవాలి.

నవంబరు 20
పోనంటుంది.
“నెత్తుర్లనే ఉన్నదంటే ఒళ్ళంత పాకినట్టే గదా. ఇంక దవాఖానెందుకు?”
బయటికి వచ్చి బర్రెకు గడ్డి వేశాను. ఉన్న గడ్డి మీదే మళ్ళీ వేశాను.

నవంబరు 22
నేనే యాదమ్మ ఇంటికి పోయి అడిగాను. నల్లగొండ డాక్టరమ్మతో ఫోను మాట్లాడించింది. పేగులో చిన్న గడ్డ ఉన్నా దాని నుంచి కంటికి కనపడని తునకలు నెత్తురులో కలుస్తాయట. గుర్తు ఉంటే ఒళ్ళంతా పాకినట్టు కాదు. అసలు ఏమీ లేకపోవచ్చు కూడా. కెమెరా పైపుతో చూస్తేనే తెలుస్తుంది.
“జల్ది తీస్కరా తాతా. చిన్నగున్నప్పుడే మంచిది.”
ఇంటికొచ్చి అంతా రాములమ్మకు చెప్పాను.
“గంత మాట్లాడొస్తదా నీకు?” నవ్వింది. “సరే. నువ్వు గూడ నెత్తురియ్యి, అప్పుడొస్త.”

నవంబరు 25
యాదమ్మ తీసుకుపోతే నెత్తురు ఇచ్చాను. కళ్ళు మూసుకుని.
“అయిపాయె, లే ఇగ, పెద్ద మొగోడివి”— రాములమ్మ.

నవంబరు 29
నల్లగొండ. పేగు కడగడానికి రాములమ్మకు మందు నీళ్ళు తాగించారు.
“జిందగంత గా నీళ్ళు తాగొద్దంటిరి. ఇయ్యాల డబ్బలకు డబ్బలు తాగుమనవడితిరి!”
నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కూడా.
సాయంత్రం పైపు వేశారు. గడ్డ ఉంది. చిన్నదే అన్నది డాక్టరమ్మ. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వస్తేనే ఏ గడ్డో చెబుతుందట.

డిసెంబరు 3
డాక్టరమ్మ ఫోను రాలేదు. నా నెత్తురు సంగతీ రాలేదు— దాని ఫికరు లేదు.
ఎప్పుడూ నేను తిని లేచాక రాములమ్మ తింటుంది. ఇవాళ నేను లేవలేదు. ఎదురుగా కూర్చున్నాను.
“ఏం జూస్తున్నవు?”
“తిను.”
రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపింది. ఎప్పటి నుంచి ఇంతే తింటుందో...
డాక్టరమ్మా, మంచిదైనా చెడ్డదైనా— జర జల్ది చెప్పు.