రెండు గుమ్మాల ప్లాను

మే 8, ఆదివారం

మా బిల్డింగు కూలగొడతారట. ఆ జాగాలో ఎనిమిది అంతస్తులు లేపుతారట. లిఫ్టుతో! నాలుగో అంతస్తుకి రోజూ మెట్లెక్కే అరవై ఎనిమిదేళ్ళ మోకాలికి అంతకన్నా తీపి కబురు ఉంటుందా.

సాయంత్రం కింద పెరట్లో మీటింగు. బిల్డర్ తరఫున నిమ్రోద్ అనే ఆయన టెల్ అవీవ్ నుంచి వచ్చాడు. మా ఊరు బేత్ షెమెష్ మనుషుల సంగతి తెలియదు పాపం. బల్ల నిండా కేకులు, బిస్కెట్లు పరిచాడు. ఒక్కొక్కళ్ళూ ప్యాకెట్టు తిరగేసి, తినొచ్చని ఏ మతగురువు, ఏ రబ్బీ ముద్ర వేశాడో చూసి, మళ్ళీ కింద పెట్టేశారు. ఒకరికి చాలిన ముద్ర ఇంకొకరికి చాలదు. పుచ్చకాయకి ముద్ర అక్కర్లేదు కదా అన్నాడు నిమ్రోద్. మా అంతస్తులోనే ఎదురింటి గిటెల్ మొగుడు ఫైవెల్, ఏ కొట్టుది, ముందు దేవుడి వాటా దశమభాగం తీశారా అని అడిగి, మంచినీళ్ళు తాగి ఊరుకున్నాడు. నేనూ, మూడో అంతస్తు లారిసా కలిసి కేకు పని పట్టాం.

అందరూ ఒప్పుకుంటేనే కడతారట. ఎనిమిదో అంతస్తు బాల్కనీలోంచి కొండలన్నీ కనిపిస్తాయట. అది నాకే అని ముందే చెప్పేశాను.

మే 10, మంగళవారం

గొడవ మొదలైంది. పర్ణశాలల పండక్కి బాల్కనీలో పాక వేసుకోవాలి, నెత్తి మీద ఆకాశం తప్ప ఏదీ ఉండకూడదు, పై వాడి బాల్కనీ అడ్డొస్తే మా పాక చెల్లదు అంటాడు ఫైవెల్. ఎండకి నా కుక్క చస్తుంది, నాకు కప్పు కావాలి అంటుంది లారిసా. కింది అంతస్తు స్కూలు మాస్టారు హనానెల్‌కి, శనివారం విశ్రాంతి దినం, మీట నొక్కడం కూడా తప్పే కాబట్టి, ఆ రోజు మీట నొక్కకుండా ప్రతి అంతస్తులో తనంతట తనే ఆగే లిఫ్టు కావాలి. అంతసేపు నా కుక్క ఆగలేదు అంటుంది లారిసా.

కుక్కకి కూడా ఒక ఓటు ఇచ్చేస్తే పోతుంది.

మే 11, బుధవారం

నిమ్రోద్ ఉపాయం కనిపెట్టాడు. రెండు గుమ్మాలు. ఒకటి మతాచారం పాటించేవాళ్ళకి, ఒకటి పాటించనివాళ్ళకి. ఎవరి మెట్లు వాళ్ళవి, ఎవరి లిఫ్టు వాళ్ళది, మధ్యలో గోడ. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి వంటింట్లో దీపం వేశాను. ఎదురు కిటికీలో గిటెల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఏంటి సోలికా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు అంది. ఏం లేదన్నాను. ఆ గోడ సరిగ్గా మా ఇద్దరి కిటికీల మధ్యే లేస్తుందని అప్పుడే తట్టింది.

మే 12, గురువారం

నిమ్రోద్ ఫోన్ చేశాడు. మీది ఏ గుమ్మం అమ్మా అని. శుక్రవారం దీపాలు వెలిగిస్తాను, ఆ తర్వాత టీవీ పెట్టుకుంటాను అన్నాను. పాలూ మాంసమూ కలపను. శనివారం పొద్దున ప్రార్థనకి వెళ్తాను, మధ్యాహ్నం కొడుకు కారులో సముద్రానికి వెళ్తాను. మొరాకోలో మా అమ్మమ్మా ఇంతే... కారు ఒక్కటే లేదు. ఇప్పుడు చెప్పు నాయనా, నాది ఏ గుమ్మం? కనుక్కుని చెప్తానన్నాడు.

దేవుణ్ణి అడుగుతాడో, వాళ్ళ బాస్‌ని అడుగుతాడో. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

మే 13, శుక్రవారం, వంట అయ్యాక

గిటెల్ ఈ పాతికేళ్ళలో మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. నా వంటిల్లు వాళ్ళ ఆచారం లెక్కకి సరిపోదు. మొదట్లో ఒళ్ళు మండేది. దీని మొహానికి నా వంట పనికిరాదా అనుకునేదాన్ని. తర్వాత అలవాటైంది. కుండీలో పుదీనా కోసి కిటికీలోంచి ఇస్తాను. పురుగు నోట్లోకి పోతే పాపమని మూడు నీళ్ళల్లో కడిగి టీలో వేసుకుంటుంది. తను చేసిన నూడుల్సు పాయసం లాంటిది నాకు పంపిస్తుంది. మరీ తీపి, నాకు పడదు. అయినా తింటాను. టీవీ గురించి అరుస్తుంది, పిల్లలు మెట్ల మీద గుర్రాల్లా పరిగెడుతున్నారని నేను అరుస్తాను. మా ఆయన మఖ్లూఫ్ పోయినప్పుడు ఏడు రోజులూ నా పక్కన నేల మీద కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. గిటెల్ మాట్లాడకుండా ఉందంటే మాటలా!

నాకు గోడ వద్దు. లిఫ్టు కావాలి. గోడ లేకుండా లిఫ్టు కావాలి. ఇదే నా మతం.

మే 16, సోమవారం

అమ్మయ్య, మతాచారం గుమ్మంలోనే చీలిక. తనంతట తనే ఆగే లిఫ్టు కూడా శనివారం ఎక్కకూడదన్నారట ఫైవెల్ వాళ్ళ రబ్బీ. మా రబ్బీ ఎక్కొచ్చన్నారు అంటాడు హనానెల్. నీ రబ్బీ ఏం చదివాడంటే నీ రబ్బీ ఏం చదివాడని మెట్ల మీద ఒకటే రచ్చ. మూడో గుమ్మం పెట్టమంటారా అని అడిగాడు నిమ్రోద్. నాకు నాలుగోది పెట్టు నాయనా అన్నాను. ఏడవలేక నవ్వాడు.

మే 18, బుధవారం

గిటెల్ ఇవాళ కిటికీ తెరవలేదు.

మే 19, గురువారం

ఇవాళ కూడా. నా మీద కోపమా? పుదీనా వాడిపోయింది.

మే 22, ఆదివారం

ఆఖరి మీటింగు. ఇవాళ తేలకపోతే కంపెనీ వేరే వీధి చూసుకుంటుందన్నాడు నిమ్రోద్. ప్లాను విప్పేలోగా ఫైవెల్ లేచాడు. గడ్డం సవరించుకున్నాడు. ఈ మనుషులతో పాతికేళ్ళుగా పోట్లాడుతున్నాను, ఎవరికి ఏ రోగమో నాకు కంఠతా వచ్చు అన్నాడు. ఇప్పుడు అచ్చం నాలాంటివాళ్ళే ముప్పై కుటుంబాలని తెచ్చి నా గుమ్మంలో పడేస్తే, వాళ్ళ రోగాలన్నీ మొదటి నుంచీ నేర్చుకోవాలి, నాకంత ఓపిక లేదు, ఒకటే గుమ్మం పెట్టండి అన్నాడు. వెనకాల గిటెల్ ఆకాశంలోకి చూస్తోంది. ఆ మాటలు ఎవరివో నాకు అర్థమైపోయింది. ఆ రెండు రోజులూ కిటికీ మూసుకుని మొగుడికి అవే నూరిపోసిందన్నమాట!

నేనూ లేచాను. గుమ్మం ఒకటి చాలు, లిఫ్టులు రెండు పెట్టు, శనివారం ఒకటి హనానెల్ లాగా తిరుగుతుంది, ఒకటి లారిసా కుక్క లాగా తిరుగుతుంది అన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది హనానెలే. బాల్కనీలు అంతస్తుకి కొన్ని ముందుకి, కొన్ని వెనక్కి జరిపితే కొన్నిటికి ఆకాశం, కొన్నిటికి కప్పు వస్తాయని నిమ్రోదే గీసి చూపించాడు. ఈ మాట రెండు వారాల క్రితం చెప్పొచ్చు కదయ్యా అంటే, మీరు చెప్పనిస్తే కదా అన్నాడు.

అందరూ చేతులెత్తారు. నేను ఏడ్చాను. లారిసా కూడా.

మే 29, ఆదివారం

ఇళ్ళు ఎంచుకోవడం. పెద్దదాన్ని కాబట్టి ముందు నేను. ఫైవెల్ శనివారం లిఫ్టు ఎక్కడు, ఇన్నేళ్ళూ నాలుగు అంతస్తులు ఎక్కాడు గానీ ఇక పిల్లలతో రెండో అంతస్తు దాకానే తన వల్ల అవుతుందట. ఆకాశం బాల్కనీ ఉన్నది అక్కడ ఒక్కటే, అది వాళ్ళకే అని అందరూ అనేశారు. నాకోసం ఎనిమిదోది అట్టే పెట్టానన్నాడు నిమ్రోద్. రేపు చెప్తానన్నాను.

కొండలు బాగుంటాయిలే సోలికా, నీకు గాలి ఆడుతుంది అంది గిటెల్. అంతే. దొంగ మొహం.

మే 30, సోమవారం

రెండో అంతస్తు అని చెప్పాను. రెండు లిఫ్టులు పెట్టించి రెండో అంతస్తా, కొండలో అన్నాడు నిమ్రోద్. కొండలతో ఏం మాట్లాడను అన్నాను.

మార్చి 3, రెండేళ్ళ తర్వాత

కొత్తది కట్టేదాకా ఉంటున్న ఆష్‌డోడ్‌లోని కొడుకు ఇంటి నుంచి బస్సెక్కి వచ్చాను. గిటెల్ ఊరి అవతలి అద్దె ఇంటి నుంచి వచ్చింది. మా బిల్డింగు లేదు. పెద్ద గొయ్యి. ఇద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. గిటెల్ వేలెత్తి, అదిగో అక్కడ నా కొత్త వంటిల్లు అని ఖాళీ గాలిని చూపించింది. ఇదిగో ఇక్కడ నాది అని నేనూ చూపించాను. అంత దగ్గరగా వద్దు, నీ చేపల వాసన నా ఇంట్లోకి కొడుతుంది, కొంచెం అటు జరుగు అంది. జరగనన్నాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఇంకా తేలలేదు.