జారిందా, వదిలావా

మనామా, బహ్రెయిన్
9 మే 1997, శుక్రవారం

ప్రియమైన కైనాత్‌కు,

నీకు సలాం, మీ ఇంట్లో పెద్దలకు ఆదాబ్, పిల్లలకు ముద్దులు. నీకు పిల్లలెందరో, పెద్దల్లో ఎవరు మిగిలారో తెలియకుండానే రాస్తున్నాను. ఎవరికి చెందాల్సింది వాళ్ళకు నువ్వే చేర్చు.

క్షేమ సమాచారాలకు ముందు ఒకటి అడగాలి. యూనివర్సిటీ మైదానంలో మన ఆఖరి సాఫ్ట్‌బాల్ ఆటలో నేను విసిరిన బంతి నీ చేతిలోంచి జారిందా, నువ్వే వదిలావా? గెలిస్తే జట్టు పోటీలకు పటియాలా వెళ్ళాలి. వెళ్తే చదువు మానిపిస్తానని మీ అబ్బాజాన్ అన్నారని హాస్టలంతా తెలుసు. నువ్వు వదిలావనే నేను అనుకున్నాను. అడగలేదు, మాట్లాడటం మానేశాను. నా పెళ్ళికి కూడా పిలవలేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న చెప్పులో రాయిలా నాతో నడుస్తూనే ఉంది. ఇప్పుడెందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఇక్కడి సంగతి రాయాలి.

మా ఆయన సామ్యూల్‌కు ఇక్కడ ఓడల రిపేరు యార్డులో ఉద్యోగం. నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. మాకు పిల్లలు లేరు. ఈ దేశంలో పరాయివాళ్ళ పిల్లల కోసం ఒక లీగ్ ఉంది, మగపిల్లలకు బేస్‌బాల్, ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్. నూనె కంపెనీల పిల్లలు, బ్యాంకుల పిల్లలు, జుఫైర్‌లో అమెరికా నౌకాదళం వాళ్ళ పిల్లలు ఆడతారు. స్కోరు రాయడానికని వెళ్ళినదాన్ని, మెల్లగా ఆడపిల్లల ఆటలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఏ జట్టు ఎప్పుడాడాలో నేనే చూడాలి, అంపైర్లను బతిమాలాలి, దుమ్ము అణగడానికి నీళ్ళ ట్యాంకరు తెప్పించాలి. దేవుడు నీకు పిల్లల్నివ్వకుండా వాళ్ళ టైంటేబుల్ మాత్రం ఇచ్చాడే అని సామ్యూల్ వేళాకోళం. నవ్వేదాన్ని. ఎంత చేతగాని పిల్లయినా ప్రతి ఆటలో కాసేపు ఆడి తీరాలన్నది ఈ లీగ్ కట్టుబాటు. లోకంలో ఎక్కడా లేని న్యాయం ఈ మట్టిగడ్డ మీద ఉందని మురిసిపోయేదాన్ని.

బ్లెస్సీ మా తెలుగు ప్రార్థన కూటం పిల్ల. పన్నెండేళ్ళు నిండాయి. తండ్రి సైమన్ జింజ్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు, తల్లి కృపమ్మ అదే ఇంట్లో వంటమనిషి. జగిత్యాల వైపు వాళ్ళు. ఆ ఇంటాయన, అంటే వాళ్ళ వీసాకు పూచీపడ్డ కఫీల్, పెరట్లో ఒక గది ఇచ్చి పిల్లనూ ఉండనిచ్చాడు. కూటం అయ్యాక ఆ పిల్ల నారింజపండ్లు ఎగరేసి పట్టుకోవడం చూసి నేనే లీగ్‌లోకి లాక్కొచ్చాను. నేను స్కోరు రాసే జట్టులో, బ్యాటు పట్టిన అమ్మాయి వెనక బంతి అందుకునే క్యాచర్‌గా నిలబెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం మీది జాలీలోంచి ఆ కళ్ళు చూస్తుంటే నువ్వే కనపడేదానివి.

ఈసారి గెలిచిన జట్టు దుబాయ్ వెళ్ళి గల్ఫ్ దేశాల జట్లతో ఆడాలి. ఆ మాట చెబితే కృపమ్మ, మేం దుబాయిలనే ఉంటిమి గదా టీచరమ్మా, ఇంకో దుబాయి యాడికెళ్ళి తెస్తిరి అంది. ఊళ్ళో వాళ్ళకు గల్ఫంతా దుబాయే కదా. అందరం పగలబడి నవ్వాం. నవ్వులో ఆమె ముఖం ఎవరూ చూడలేదు.

ఏప్రిల్‌లో ఆఖరి ఆట. మా జట్టు ఒక్క రన్ ముందుంది. ఆఖరి అమ్మాయిని ఔట్ చేస్తే దుబాయ్ మనదే. మూడో బేస్ మీదా రెండో బేస్ మీదా అవతలి జట్టు అమ్మాయిలున్నారు. కొట్టిన బంతి దూరం పోయింది. మొదటి అమ్మాయి బ్లెస్సీ కాస్తున్న హోమ్ ప్లేటుకు చేరి స్కోరు సమం చేసింది, రెండో అమ్మాయి పరుగెత్తుకొస్తోంది. మైదానం అంచు నుంచి విసిరిన బంతి నేరుగా బ్లెస్సీ గ్లవ్‌లో పడింది, దానితో ఆ అమ్మాయిని తాకితే చాలు. పడటం నేను చూశాను. తర్వాత అది నేల మీద ఉంది. అంతే, ఓడిపోయాం. పిల్లలు మట్టిలో కూలబడి ఏడ్చారు. బ్లెస్సీ ఏడవలేదు. నీలాగే.

మరుసటి శుక్రవారం కూటంలో భోజనాలు వడ్డిస్తూ కృపమ్మ నన్ను పక్కకు పిలిచింది. గెల్వకపోవుడే మంచిగయింది టీచరమ్మా అంది. దుబాయి పోవాల్నంటె పాస్‌పోర్టు గావాలె, అది కఫీల్ తాన ఉండె, మొన్న సైమన్ సెలవడిగితెనే ఖలాస్, మూటముల్లె సదురుకొని అందరు పొండ్రి అన్నడు, మళ్ళ అడుగుమంటె మేం ఏమైపోవాలె అంది. అందుకని ఆట పొద్దుగాల, గెల్వకు బిడ్డా అని దాని చెవిల తనే ఊదిందట. బంగారం అసుంటి బిడ్డ, నా మాట నిలబెట్టింది అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవి సంతోషపు కన్నీళ్ళు కైనాత్.

ఈలోగా తల్లిదండ్రుల్లో గుసగుసలు. ఆ పిల్లవి వెన్నచేతులని ఒకరు, మనవాళ్ళను కాదని ఆమెనెందుకు నిలబెట్టారని ఒకరు. ఇక్కడ సీజను మొదట్లో కోచ్‌లు కూర్చుని, వంతులవారీగా ఒక్కో పిల్లనూ ఎంచుకుంటారు. బ్లెస్సీని ఎవరూ ఎంచుకోరేమోనని భయపడ్డాను. అసలు కారణం తెలిస్తే వీళ్ళ మనసు కరుగుతుందనుకున్నాను. నీ విషయంలో నోరు మూసుకున్నాను కాబట్టి ఈ పిల్ల విషయంలోనైనా తెరవాలనుకున్నాను. కమిటీలో అంతా చెప్పేశాను.

ఎవరూ కరగలేదు. మా జట్టు కోచ్ రస్సెల్ నౌకాదళంలో పనిచేసే మెత్తటి మనిషి. బంతి ఎవరికైనా జారుతుంది మేడం, అది వారంలో మరిచిపోతాం, వచ్చేసారి నా మొదటి పేరు ఆ పిల్లదే అనుకున్నాను అన్నాడు. తెలిసి వదిలితే మాత్రం మిగతా పిల్లలకు నేనేం చెప్పను అని అడిగాడు. జారడానికి ఇక్కడ క్షమాపణ ఉందట, వదలడానికి లేదట. పేదరికం, కఫీల్, పాస్‌పోర్టు అని నేను అంటూనే ఉన్నాను. తల్లిని తప్పుపట్టను, పిల్లను జట్టులో పెట్టుకోలేను అన్నాడు. బ్లెస్సీకి చోటు ఉంచాలా అని చేతులెత్తించారు. పోయింది. ప్రతి పిల్లా ఆడి తీరాలన్న కట్టుబాటు జట్టులో ఉన్న పిల్లలకేనని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి మైదానం వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు. ఎండలు ముదిరాయి, సీజను ఎలాగూ ముగిసింది. వచ్చే సీజనుకు టైంటేబుల్ వేయమన్నారు. తెల్లకాగితం ముందు కూర్చుంటే గీత కూడా రావడం లేదు. మంచి చేయబోయే ప్రతిసారీ ఎవరో ఒక పిల్లను ఆట నుంచి గెంటేస్తున్నట్టుంది. ప్రార్థించు అంటాడు సామ్యూల్. ఏమని?

నీకు వీలైతే రాయి. రాయకపోయినా నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నీ పాత జట్టులోని
హెప్సిబా

తా.క. కవరు అంటించకముందే బ్లెస్సీ వచ్చింది. నేనిచ్చిన గ్లవ్ తుడిచి, తిరిగి ఇవ్వడానికి. ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అప్పుడు అడిగాను. అవును, అప్పుడే, మొట్టమొదటిసారి.

జారింది ఆంటీ అంది. ఎండ కండ్లల్ల వడ్డది, అమ్మ చెప్పింది యాదికే లేదు, గెలుద్దామనే ఉండె అంది. ఇంటికి పోయేసరికి అమ్మ ముద్దులు పెట్టుకుందట, నాయిన దగ్గర పొగిడిందట. అంత సంబురపడ్డంక కాదని ఎట్ల చెప్పాలె ఆంటీ అంది. రస్సెల్ సార్‌కు చెబుతాను పద అంటే నా చెయ్యి పట్టుకుని, వద్దు, చెప్తె అమ్మకు తెలుస్తది అంది. గ్లవ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చెబితే ఆ పిల్లకు ఆట దక్కుతుందేమో, తల్లి ముఖంలో ఆ వెలుగు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల చేయని పనికి ఆట పోగొట్టుకుంటుంది. అసలు ఈ మాటైనా నిజమో, నా ముఖం చూసి నన్ను ఓదార్చడానికి అన్నదో. చెప్పాలో వద్దో నాకు తేలడం లేదు. పైన నిన్నడిగిన ప్రశ్నకు నీ జవాబు కావాలో వద్దో, అదీ తేలడం లేదు.