నాన్నకు ఒళ్ళు వదిలే పాఠం

నందిగామ

రత్నమణికి,

నాన్నా నేనూ జయమణత్త ఇంట్లో కులాసా. చర్చిలో ప్రభు సంస్కారపు ద్రాక్షరసం గిన్నె చేతులు వణికి ఒలకబోస్తున్నాడని నాన్న చేత పంచడం మాన్పించారు గదా, ఆ వణుక్కి ఇక్కడి డాక్టరు మందివ్వలేదు. పిడికిళ్ళు బిగించి వదిలి, తర్వాత ఒళ్ళంతా వదులుచేసి కళ్ళు మూసుకు పడుకోమన్నాడు. వదలడం మన పెద్దాయనకు చాతనవుతుందా? మంచమ్మీదా నిట్రాటలాగే బిగుసుకున్నాడు.

నిన్న అత్త బజారు నుంచి వచ్చి, ఆ వాలకం చూసి ప్రాణం పోయిందనుకుంది. "అన్నో! నీయంత నెమ్మదస్తుడు ఇంకెక్కడున్నాడు అన్నో!" అని రాగమెత్తుకుంది. పొద్దున మొండిఘటమని తిట్టిన నోరే! నేను కావాలనే ఊరుకున్నా. పొగడ్త వింటూ వింటూ నాన్న ఒళ్ళు వెన్నలా వదులైంది. అత్త ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఆపావేమే, ఇంకా చెప్పు" అన్నాడు. ఆవిడ కూలబడింది. నాన్నే లేచి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. చుక్క తొణకలేదు! అత్త తాగి, ఇద్దర్నీ కడిగేసింది.

రోజూ చేస్తేనే నిలుస్తుందట, చేయిస్తున్నా. ఆదివారానికి వస్తాం. గిన్నె ఇంకెవరికీ ఇవ్వొద్దని పాస్టరు అయ్యగారితో చెప్పు. నాన్న తెల్లపంచె ఉతికించు. గేదె ఈనిందా? అత్తా వస్తోంది. చుక్క ఒలికితే పొగిడిందంతా వెనక్కి తీసుకుంటుందట.

పిల్లలకు దీవెనలు.

ఆశీర్వాదం