చెరిపేసిన కొమ్మ

ప్రియమైన తియోంగే అక్కకు,

కోపం మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. ట్రైనింగులో నువ్వు నేర్పిన మైండ్ మ్యాపే ఏడో తరగతికి పెట్టాను. నూటపది మందికి కాగితం ఎక్కడిది? మైదానంలో పుల్లలతో మట్టి మీద గీయించాను. నడుమ 'మొక్కజొన్న' అని రాసి, దాంతో గుర్తొచ్చినవన్నీ కొమ్మలుగా గీసుకుంటూ పొమ్మన్నాను. వ్యాసం రాసేముందు ఆలోచనలు ఒక దారికొస్తాయని. ఎప్పుడూ రెండు ముక్కలు రాయని టెమ్వా కూడా వంగి గీస్తూనే ఉంది.

అంతలో హెడ్మాస్టర్ గోండ్వే గారొచ్చారు. "పరీక్షలో ఈ సాలెగూళ్లే గీస్తారా మేడమ్?" అని, ఆ పిల్లల చేతికే చీపుళ్లిచ్చి అంతా ఊడిపించారు. ఇన్‌స్పెక్టరుకు, అంటే నీకే, రాస్తారట. ఒక్క కొమ్మ చివర మాత్రం ఆయన రాకముందే నేనే కాలితో చెరిపేశాను. ఎందుకని అడగకు.

నువ్వైనా నా పక్షాన నిలబడు.

నీ చెల్లెలు,
లుసుంగు

*

ప్రియమైన చెల్లికి,

గోండ్వే గారి ఉత్తరం నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. పాఠం మానేసి పిల్లల్ని మట్టిలో ఆడిస్తున్నావని రాశారు. నీకు ముక్కు మీదే కోపం. ఆయన అనుభవమున్న మనిషి, మర్యాదస్తుడు. కోతలయ్యాక మా ఇంటిని మరిచిపోయిన ఏడాది లేదు. వెళ్లి క్షమాపణ చెప్పు. మ్యాపు గీయించాలనే ఉంటే నడుమ 'ఆవు' లాంటి మాట పెట్టుకో, ఎవరికీ నొప్పి ఉండదు. లేకపోతే నిన్ను బదిలీ చేయాల్సి వస్తుంది.

నీ మంచి కోరే
అక్క

*

అక్కా,

'ప్రియమైన' అని రాయబుద్ధి కాలేదు. చెల్లెలిగా అడిగితే ఆఫీసరుగా జవాబిచ్చావు.

ఆవే పెట్టాను. ఆవు, పేడ, ఎరువు, పొలం. ఎవరి పొలం? హెడ్మాస్టరుగారిది. 'వాన' పెట్టాను. వాన, కలుపు. ఎవరు తీస్తారు? మేము. సోమ, గురువారాల్లో లెక్కల క్లాసు మాన్పించి ఆడపిల్లల్ని తన పొలానికి తోలుతున్నాడాయన. టెమ్వాకి భిన్నాలు రాకపోవడానికి కారణం అదే. నేను చెప్పిన మాట కాదిది, వాళ్లు గీసింది. క్షమాపణ చెప్పను. బదిలీ చేస్తే చేసుకో.

లుసుంగు

*

ప్రియమైన లుసుంగుకు,

గురువారం చెప్పకుండా వచ్చాను. నీ క్లాసుకు కాదు, ఆ పొలానికి. పాత గుడ్డ నడుముకు చుట్టుకుని వెళ్తే నేనెవరో ఏ పిల్లకీ తెలియలేదు. పాతికమంది ఎండలో వంగి తవ్వుతున్నారు. మీ మేడమ్ మ్యాపు ఎలా గీయిస్తారో చూపించమన్నాను. టెమ్వా పార మొనతోనే గీసింది. మొక్కజొన్న, పొలం, కోత, బస్తా. అక్కడ ఆగలేదు. బస్తా, నా తల, టౌను, ఎర్ర గేటు ఇల్లు.

ఆ ఇంట్లో ఎవరుంటారని అడిగాను.

"తెలీదమ్మా. గేటు దగ్గర దించేసి వచ్చేస్తాం. లోపల్నుంచి న్సీమా సంకటి ఉడుకుతున్న వాసనొస్తది" అంది.

పోయిన క్రిస్మస్‌కి మా వంటింట్లో నువ్వు రెండుసార్లు పెట్టించుకున్న న్సీమా ఆ బస్తాల పిండిదే. అప్పుడు నీకు తెలియదు. తెలిసిన రోజున ఆ ఎర్ర గేటు కొమ్మను కాలితో చెరిపేశావు, అక్క కదా అని. నా మీద నాకెంత మండుతోందో నీ మీదా అంతే మండుతోంది.

జిల్లా ఆఫీసుకు రాశాను. తప్పు చేసినవాళ్లలో గోండ్వే పేరు కింద నా పేరూ ఉంది. ఈ కుర్చీలో ఎన్నాళ్లుంటానో తెలియదు. సోమవారం ఆ పిల్లలు లెక్కల క్లాసులో ఉంటారు. నడుమ నీకు నచ్చిన మాట పెట్టు. ఈసారి ఏ కొమ్మ మీదా కాలు వెయ్యకు.

నీ అక్క,
తియోంగే