అగ్గువ గోలీ

భివండి

ప్రియమైన అన్నకు,

నీ చెల్లె సుజాత నమస్కారాలు. సిరిసిల్లలో నువ్వు, వదిన, పిల్లలు క్షేమమని తలుస్తున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఊరికే రాయడం లేదు, నిజంగానే బాగున్నాం.

వానలు విడవడం లేదు. గది గోడలన్నీ చెమ్మ. మక్కగట్క తినక నోరు చప్పబడింది. ఎదురింటివాళ్ళు ఊరికి వస్తుంటే వాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "సాంచాలు అమ్మి పైసలు పంపుత" అన్న మాట దగ్గరే ఆగిపోతావు. ఆ మరమగ్గాలు అమ్మొద్దు అన్నా. ఎందుకో చెబుతాను.

నాకు రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు రోజూ ఒక గోలీ, ఏళ్ళ తరబడి, మానకుండా వేసుకోవాలన్నారు కదా. మొదట రాసింది పెద్ద కంపెనీ మందు. దాన్ని కొనడానికి మీ బావ రాత్రిపగలు సాంచాల మీదే ఉన్నారు. ఒక తెల్లవారుజామున కునుకుపట్టి చెయ్యి సాంచాలో పెట్టుకున్నారు. వేళ్ళు దక్కాయి గాని గోళ్ళు రాలిపోయాయి. నేను ఉండబట్టలేక డాక్టరుకు అంతా చెప్పేశాను. అదే మందు వేరే కంపెనీలు తక్కువ ధరకు చేస్తాయని, వాడితే పనిచేస్తుందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుందని చెప్పి మార్చి రాశాడు.

మీ బావ ఒప్పుకోలేదు. "అగ్గువకు దొరికేది గుణమిస్తదా? నీ పానంతోని ఆటనా? నేను పాత గోలీనే తెస్త."

"డాక్టరే రాసిచ్చిండు గదా. నీ చెయ్యి పోయినంక నేను బతికి ఏం జేసుకోవాలె?" అన్నాను.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నేను ఆయన ముందే గోలీ వేసుకుంటే, ఏమైపోతానో అన్నట్టు నా మొహమే చూస్తూ కూర్చున్నారు. మొన్న రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. పాత మందుతో ఎలా ఉందో అంతే బాగుందన్నారు. మీ బావ ఆసుపత్రి వరండాలో తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చారు.

ఇంత మంచి కబురు రాస్తున్నా మనసు కుదుటపడలేదు. నాలాంటి జబ్బుతోనే ఎల్లారెడ్డిపేట విజయ ఆ ఆసుపత్రికే వచ్చేది. బెంచీ మీద ఇద్దరం ఊరి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. "పోరగాండ్ల నోటికాడి కూడు గుంజుకొని నేనేం గోలీలు మింగాలె?" అని ఒకరోజు అంది. అప్పటికి అగ్గువ గోలీ సంగతి నాకూ తెలియదు. తెలిశాక ఆమె కోసం వెతికాను. ఆమె పెనిమిటి ఒక్కడే ఆమె చావు కాగితాల కోసం వచ్చి ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మందు మానేసిందట.

నేను సంగతి చెబితే విని, "గసొంటిది ఒకటుందని మాకెవలూ చెప్పలే చెల్లె" అన్నాడు.

అందుకే అన్నా, బోయినపల్లి చిన్నమ్మ కోడలు ఖర్చుకు భయపడి మందులు మానేస్తానంటోందని వదిన చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆమె జబ్బుకు తక్కువ ధర మందు ఉంటుందో లేదో నాకు తెలియదు. మానేముందు డాక్టరును ఒక్కమాట అడగమను. ఫోన్‌లో చెబితే సరేసరే అంటుంది. నువ్వే పోయి ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపో.

చిన్నమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ బావ చెయ్యి నయం కావాలని, నేను నిలబడాలని మీరంతా దీవించండి.

ఉత్తరం మడిచి దాచిపెట్టకు. చెప్పులేసుకొని బయలుదేరు.

నీ చెల్లె
సుజాత