పైవాటా వాళ్ళకి తోడు ఎవరన్న విషయమై వసపిట్ట రాసుకున్న వీలునామా

వీధిలోనూ బంధువుల్లోనూ వసపిట్టగా పేరుపడిన నేను, బ్యాంకు గుమాస్తా అయిన మా అక్కకి ఒక్కగానొక్క చెల్లెల్ని, దేశం విడిచి వచ్చినవాళ్ళకి ఈ ఊరు అలవాటు చేసే తోడు కేంద్రంలో ఉద్యోగిని, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా, బుద్ధి నిలకడగా ఉండగా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడ విషయంలో మా అక్కకి అభ్యంతరం ఉంది. ఆ అభ్యంతరం నేను ఐదో తరగతి చదివేటప్పటి నుంచీ ఉంది కనుక చట్టం దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రాయవలసిన అవసరం ఏమనగా: రేపు పొద్దున నా గొంతులో గడ్డ తీస్తారు. మంచి గడ్డే అన్నారు డాక్టరు గారు. మంచిదైతే ఉండనివ్వండి పాపం అన్నాను. ఆయన నవ్వలేదు. గడ్డ పక్కనే మాట నరం ఉంది కనుక అరుదుగా మాట పోవచ్చు, మరీ అరుదుగా మనిషే పోవచ్చు అని చెప్పి సంతకం పెట్టమన్నారు. అప్పటి నుంచి ఈ 'అరుదుగా' అన్న మాట నా వెంటే తిరుగుతోంది. పళ్ళు తోముకుంటుంటే అద్దంలో వెనక నిలబడుతుంది. అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుంటుంది. అంతా సవ్యంగా జరిగినా కొన్ని నెలలు నోరు మెదపకూడదట. ఈ కబురు విన్నప్పుడు నా ఆప్తుల్లో కొందరి ముఖాల మీద కనిపించిన ప్రశాంతతని నేను మరిచిపోను.

నా భయమంతా నా గొంతు గురించే అయితే ఇంత కాగితం ఖర్చు చెయ్యను. మా కేంద్రం పద్ధతి ఇది: కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి ఏడాది ఊళ్ళోవాళ్ళలో ఒకరు తోడుంటారు. అద్దె గదికి పూచీ ఆ తోడుది. ఆసుపత్రికీ, బడికీ, ఆఫీసులకీ వెంట వెళ్ళి మాట సాయం చేసేది ఆ తోడే. తోడు లేని కుటుంబానికి గది లేదు. ఊరి చివర షెడ్డుకి తిరిగి పోవాలి. అక్కడ కుటుంబానికీ కుటుంబానికీ మధ్య గోడ అంటే దుప్పటి. నేను తోడున్న కుటుంబం మా వీధి మలుపు ఇంట్లో పైవాటాలో ఉంటోంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ వదిన, ఆవిడ మామగారు. ఆ దుప్పట్ల మధ్య నుంచి వాళ్ళు ఈ కిటికీ ఉన్న గదికి వచ్చి ఎంతో కాలం కాలేదు. రేపు నేను మత్తులోకి వెళ్ళేలోగా నా స్థానంలో ఇంకొకరి పేరు ఎక్కకపోతే ఆ కిటికీ పోతుంది. కావున:

1. నా స్కూటర్ మా అక్కకి చెందవలెను. ఎడమచేతి బ్రేకు పనిచేస్తుంది. కుడిచేతిది నమ్మకం మీద నడుస్తుంది. హారన్ లేదు. ఇంతకాలం ఆ పని నేనే నోటితో చేశాను.

2. చిన్నప్పుడు నా బొమ్మ తల పీకి తన బొమ్మకి పెట్టుకున్నందుకు అక్కని ఇందుమూలంగా క్షమిస్తున్నాను. తల మాత్రం తిరిగి ఇవ్వవలెను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అక్కదే, ఎందుకంటే ఎవరిదైనా ఏ పనైనా తనే చెయ్యకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

3. సైకిల్ షాపు మీది హాల్లో, కింద సుత్తి దెబ్బల మధ్య, కొత్తవాళ్ళకి నేను చెప్పే పాఠాలు నా తరవాత వచ్చే ఉద్యోగికి చెందవలెను. ముఖ్యమైనవి: 'చూద్దాం' అంటే లేదని. 'తప్పకుండా చూద్దాం' అంటే అసలు లేదని. 'రేపు రండి' అంటే రేపు వెళ్ళి తీరాలి, వెళ్ళకపోతే తప్పు మనదవుతుంది. బస్సులో 'లోపలికి జరగండి' అనేవాడు తను జరగడు, అది చూసి బాధపడకూడదు. ఇక, ఎవరు ఎలా పలకరిస్తే మనమూ అలాగే తిరిగి పలకరించాలి. ఈ చివరి పాఠం మాత్రం చెప్పేముందు ఆరో క్లాజు చదువుకోవలెను.

4. కేంద్రం మేడమ్ గారికి ఏమీ లేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఆస్తి రాయకూడదని ఎక్కడో చదివాను. హాల్లో ఫ్యాను వేయించమని ఎండాకాలమంతా మొత్తుకున్నా 'తప్పకుండా చూద్దాం' అన్న మనిషి విషయంలో చట్టం నాకిలా సాయపడింది.

5. నా గొంతు. ఇది చరాస్తి కిందకి వస్తుందని నా ఉద్దేశం, చాలా తిరిగింది కనుక. ఈ వారమంతా తలుపేసుకుని నా పాత ఫోనులో కొన్ని మాటలు రికార్డు చేశాను. 'ఈవిడ మామగారికి షుగరు ఉంది, ఎక్కువసేపు నిలబెట్టకండి.' 'కుట్టుకూలి ముందే మాట్లాడుకున్నాం కదండీ.' 'దయచేసి నెమ్మదిగా చెప్పండి, ఈవిడకి అర్థమవుతుంది.' 'అరవకండి, ఈవిడకి చెవులు బాగానే ఉన్నాయి.' మధ్యలో ఒకచోట నా దగ్గూ, పక్కింటి కుక్కా వినిపిస్తాయి. చెరపలేదు. ఈ ఫోను దర్జీ వదినకి చెందవలెను. మాట తిరిగి వచ్చినా ఫోను వెనక్కి అడగను.

6. కొట్టివేయబడినది. ఏమి కొట్టేశానో, ఎందుకు కొట్టేశానో వారసులకి తెలియాలి కనుక రాస్తున్నాను.

ఇక్కడ మొదట, పైవాటా కుటుంబాన్ని మా అక్కకి ఒప్పగిస్తున్నాను అని ఉండేది. అక్క సరేనంది. నాకు గుండెల మీద బరువు దిగింది. ఆ సంబరంలో అడగవలసిన వాళ్ళని అడగకుండా, పోయిన ఆదివారం అక్కని వెంటబెట్టుకుని శుభవార్త చెప్పడానికి పైవాటాకి వెళ్ళాను.

ఇక్కడ కింది వాటా గురించి చెప్పాలి. అందులో రైల్వే గార్డుగా రిటైరైన గార్డు గారు ఒంటరిగా ఉంటారు. పొద్దున్నే పైన కుట్టుమిషను మొదలవగానే బూజుకర్ర తిరగేసి కప్పు మీద టకటక కొడతారు. ఆపండి అని దాని అర్థం. మామగారు తమ ఊళ్ళో నది మీద పడవ నడిపిన మనిషి. పొగమంచులో ఎదుటి పడవ కూత వేస్తే మనమూ కూత వెయ్యాలి, లేకపోతే మనం లేమనుకుని మీదికి వస్తుంది, అది ఆయనకి పుట్టుకతో వచ్చిన చదువు. దానికి తోడు నా మూడో క్లాజు పాఠం. ఇంకేముంది, కిందినుంచి టకటక రాగానే ఆయన ఊతకర్రతో అంతే మర్యాదగా నేలమీద టకటక కొట్టేవారు. ఈ ఊరివాళ్ళు పొద్దున్నే పలకరిస్తారు, మంచివాళ్ళు అని షెడ్డులో ఉన్నవాళ్ళకి కూడా చెప్పారట. గార్డు గారు కేంద్రానికి వచ్చి, కొడితే ఆపాలి గానీ తిరిగి కొట్టడమేమిటి, ఇదెక్కడి చోద్యం అని మేడమ్ గారి దగ్గర ఫిర్యాదు ఇచ్చారు. నేను ఇటు చెప్పలేదు, అటు చెప్పలేదు. పొద్దున్నే ఇద్దరు ముసలివాళ్ళు మాట్లాడుకుంటుంటే, అందులో ఒకరిది తిట్టని రెండోవారికి తెలియకపోతే ఎవరి సొమ్మేం పోయింది అనుకున్నాను.

మేం కూర్చుని ఉండగానే కిందనుంచి టకటక. మామగారు కర్ర అందుకుని జవాబిచ్చారు. ఇదేమిటని అక్క అడిగింది. వదిన చెప్పింది. అక్క బ్యాంకులో సంతకం సరిపోలేదని చెప్పే గొంతుతో, అది పలకరింపు కాదండీ, మీరు గోల చేస్తున్నారని తిట్టు అని చెప్పేసింది. వదిన కాలు మిషను తొక్కుడు మీద ఆగిపోయింది. మామగారికి వాళ్ళ భాషలో చెబితే, ఆయన కర్ర తీసుకెళ్ళి తలుపు వెనక పెట్టి వచ్చారు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, వాతావరణం తేలిక చేద్దామని నేను, మీకేం భయం లేదు వదినా, మిమ్మల్ని మా అక్కకి రాసిచ్చేశాను అన్నాను.

వదిన కుడుతున్న చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"మేం మంచమా, బీరువానా, రాసివ్వడానికి?" అంది.

నాకు మాట రాలేదు. డాక్టరు గారి కంటే ముందే.

ఆ తరవాత మిషను కదల్లేదు. బడులు తెరిచే రోజులు, యూనిఫారాల గుడ్డ మూల నుంచి కిటికీ దాకా పేరుకుపోయింది. నేను రోజూ వెళ్ళేదాన్ని, వదిన మంచినీళ్ళిచ్చి ఊరుకునేది. శుక్రవారం వెళ్ళేసరికి గిన్నెలు కాగితాల్లో చుట్టి గోనెసంచిలో పెడుతోంది. కాళ్ళ కింది మనిషి చేత తిట్లు తింటూ కిటికీ దగ్గర కూర్చోవడం కంటే షెడ్డు నయమట, అక్కడ అందరూ అందరికీ గోలే కదా అంది. బతిమాలాను, జోకులేశాను, దండం పెట్టాను. నా గొంతుతో ఊరందరినీ ఒప్పించిన దాన్ని, ఆఖరి వారంలో ఒక్క గోనెసంచిని ఖాళీ చేయించలేకపోయాను.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినిపించింది. గార్డు గారు. మోకాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పైన మనుషులున్నారా, లేరా? ఇన్ని రోజుల నుంచి కొడుతుంటే పలకరేం?" అన్నారు.

మీ టకటక తిట్టని తెలిసి మిషను ఆపేశామనీ, వెళ్ళిపోతున్నామనీ వదిన చెప్పింది.

"మిషను సంగతి ఎవరడిగారమ్మా. వెనక పెట్టెలో నేను జెండా ఊపితే ముందునించి డ్రైవరు కూత వెయ్యాలి. వెయ్యకపోతే ఏమైందోనని దిగి ఇంజను దాకా నడిచేవాణ్ణి. ఈ మోకాళ్ళతో మెట్లెక్కించారు నన్ను."

మామగారికి సగమే అర్థమైనట్టుంది. స్టూలు తెచ్చి వేశారు. గార్డు గారు కూర్చుని, మొదట్లో కోపంతోనే కొట్టాననీ, తిరిగి కొడితే బీపీ పెరిగేదనీ, రానురాను పొద్దున బీపీ మాత్ర వేసుకుని కొట్టడం అలవాటైందనీ, జవాబు వస్తే సరే ఇవాళ ఇద్దరం ఉన్నాం అనుకునేవాణ్ణనీ చెప్పారు. అది తిట్టని ఈ పెద్దాయనకి చెప్పిందెవరని అడిగారు. మా అక్క అన్నాను. బ్యాంకు మనిషికి ఇంత తొందరేమిటన్నారు.

ఆయన దిగి వెళ్ళాక వదిన నాతో, మీ అక్క మంచిది, కానీ మేం కనిపించకపోతే ఆవిడకి ఎవరో చెప్పాలి, ఈయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఈయన్ని అడుగు అంది. అడిగాను. నాకు మాట్లాడటం రాదమ్మా, తిట్టడమే వచ్చు అన్నారాయన. ఆఫీసుల్లో అదే పనికొస్తుందండీ, పైగా రేపోమాపో నాకూ మాట్లాడటం రాదు అన్నాను. బూజుకర్ర కొసన బూజు తీస్తూ, ఊఁ అన్నారు. ఫిర్యాదు ఇచ్చిన మనిషినే తోడుగా పెట్టవచ్చని రూల్లో ఎక్కడా లేదని మేడమ్ గారు అన్నారు. కూడదని కూడా లేకపోయేసరికి, ఆదివారం అని గొణుక్కుంటూనే ఇవాళ కేంద్రం తాళం తీశారు. ఇది అక్కడే కూర్చుని రాస్తున్నాను. గార్డు గారూ, పైవాటా వాళ్ళూ ఎదురుగా కూర్చున్నారు, అక్క కింద స్కూటర్ బ్రేకులు చూస్తోంది.

7. కాబట్టి, నా తదనంతరం పైవాటా కుటుంబానికి గార్డు గారు తోడుగా ఉండవలెను అని రాసి, చదవమని ఆయనకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి కాగితం వెనక్కి నెట్టారు.

"తదనంతరం ఏమిటి? నేను ఛార్జి తీసుకుంటాను గానీ ఆస్తి తీసుకోను. దిగిపోయే గార్డు మళ్ళీ ఎప్పుడు ఎక్కుతాడో రాసి పోవాలి. రాయి."

అది డాక్టరు గారికే తెలియదన్నాను.

"అడిగింది డాక్టర్ని కాదు," అన్నారు.

వదిన నా పెన్ను మూత తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది. పెట్టి, చెయ్యి తియ్యలేదు.

అందుచేత 'నా తదనంతరం' అన్నది కొట్టేసి 'నేను తిరిగి వచ్చేదాకా' అని రాశాను. వీలునామా అంటే మనిషి పోయాక అమలయ్యేదనీ, ఇలా రాస్తే ఏ కోర్టులోనూ నిలవదనీ మేడమ్ గారు హెచ్చరించారు. నాకూ తెలుసు. ఆ మూడు మాటలు వంకరగా ఉన్నాయి. వదిన చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. అక్షరాలు నావే, దొంగరాత కాదు.

తేదీ: జూన్ పదహారు, ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ

సంతకం: వసపిట్ట (మాట ఉండగానే)

సాక్షులు: కేంద్రం మేడమ్, కింద సైకిల్ షాపు మేస్త్రి, చేతి గ్రీజు మరకతో సహా

నేను తిరిగి వచ్చేదాకా ఛార్జి తీసుకున్నవారు: గార్డు గారు

ఇందుకు ఒప్పుకున్నవారు: దర్జీ వదిన, ఆవిడ మామగారు